మా ముత్తాత మెడల్

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కామారెడ్డిలో జరిగిన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల విశ్రాంత ఉద్యోగుల సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను అనేది దొరవారు దయతలచి ఇచ్చే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. నిజాం కాలంలో పింఛనును వజీఫా అనేవారు. చేసిన మంచి సేవకు ఇచ్చేది కనుక ‘వజీఫా హుస్నే ఖిద్మత్’ అని కాగితాల్లో రాసేవారు. మన సేవకు సంబంధించిన కాగితాలన్నీ మన దగ్గర భద్రంగా ఉన్నాయి. సర్వీసు రిజిస్టరు ఉంది, పి.పి.ఓ. ఉంది, మనం బతికే ఉన్నామని మనమే సంతకం పెట్టి ఏటా ఇచ్చే కాగితం కూడా ఉంది! మరి మన తాతలు, ముత్తాతలు చేసిన సేవకు కాగితం ఎక్కడున్నది? దాన్ని గూర్చే ఈ రోజు నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మాటల మధ్య మా ముత్తాత సంగతి వస్తే, కార్యదర్శి గారు “ఇది అందరికీ చెప్పాల్సిందే” అని పట్టుబట్టారు. నేను చరిత్రకారుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి ముప్పై నాలుగేండ్లు పనిచేసినవాణ్ణి. అందులో సగం కాలం ఎల్లారెడ్డి తాలూకా కచేరీలోనూ, కామారెడ్డిలోనూ గడిచింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే. దరఖాస్తు వస్తే తీసుకోవాలి, దరఖాస్తుదారుణ్ణి గౌరవించాలి, కానీ రికార్డు చూడకుండా దాని మీద ఉత్తర్వు రాయకూడదు. మా ఇంటి కథ విషయంలో నేను ఆ విద్యను మరిచిపోయాను. అరవై ఏండ్లు దాటిన తరువాత గానీ గుర్తుకు రాలేదు. దానివల్ల ఏం నష్టం జరిగిందో మీరే వింటారు.

మా పూర్వులది ఎల్లారెడ్డి వైపు మంజీర ఒడ్డు గ్రామం. మా ముత్తాత ఆ ఊరి దొరవారి గుర్రాలను చూసుకొనేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, మా పెద్దల మాటలో చెప్పాలంటే ‘జర్మనీ లడాయి’ నాడు, నిజాం రిసాలాతో కలిసి ‘మిసర్’ దేశం పోయాడు. మిసర్ అంటే ఈజిప్టు. కామారెడ్డి స్టేషన్‌కు నడిచి వచ్చి మీటర్ గేజీ బండి ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాడట. యుద్ధం ముగిసిన తరువాత తిరిగి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు ఒక మెడల్ వచ్చింది. ఒక వైపు జార్జి చక్రవర్తి తలకాయ, రెండో వైపు గుర్రం మీద సవారు, పక్కన 1914, 1918 అనే అంకెలు.

మా నాయనమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ మెడల్ చూపించి మాకు చెప్పేది: “గీ గుర్రం మీదున్నది మా మామనే బిడ్డా. గిట్లనే లడాయి చేసిండు.” ఆ బొమ్మలో సవారుకు ఒంటి మీద నూలుపోగు ఉండదు. మేము పిల్లలం నవ్వేవాళ్లం. “మిసర్ల ఎండలు మండుతయట, అంగీ ఇడిశిండు” అని సమాధానం చెప్పేది. మేము నమ్మేవాళ్లం.

కథలో రెండో భాగం నవ్వేది కాదు. మెడల్ రాగి రంగులో ఉంటుంది. లడాయికి పోయిన సిపాయిలకు వెండి మెడల్ ఇచ్చారని ఊరివాళ్లు ఎవరో సికింద్రాబాదులో చూసి వచ్చి చెప్పారు. మరి మా ఇంట్లోది ఎర్రగా ఎందుకున్నది? నిజాంసాగర్ కట్ట పని నడుస్తున్న రోజుల్లో మెడల్ కొక్కెం ఊడిపోతే, అతికించమని ఊళ్లోని అవుసలాయనకు ఇచ్చారు. నాలుగు రోజుల తరువాత అతికించి ఇచ్చాడు. అంతే, మా ఇంట్లో లెక్క తేలిపోయింది! వెండిది ఆయన కరిగించుకున్నాడు, రాగిది పోసి ఇచ్చాడు. పంచాయితీ పెట్టారు. ఆయన ప్రమాణం చేశాడు. మావాళ్లు వినలేదు. ఆనాటి నుంచి రెండు ఇండ్ల మధ్య మాటలు లేవు. పెండ్లికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు. ‘మెడల్ మింగినోళ్లు’ అని ఆ ఇంటికి మా ఇంట్లో పేరు. ఆ కుటుంబం తరువాత ఊరు విడిచి ఎల్లారెడ్డికి వచ్చి స్థిరపడింది. నేను ఎల్లారెడ్డిలో ఉద్యోగం చేసిన కాలంలో ఆ అవుసలాయన మనుమడి దుకాణం ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోయేవాణ్ణి. ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు. మా బాపు నేర్పిన నడక అది.

బాపు ఆ మెడల్‌ను అద్దం ఫ్రేములో బిగించి గోడకు తగిలించాడు. నేను కామారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాక నా ఇంటి గోడకు వచ్చింది. ఇక 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని మన దేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలోని తీన్‌మూర్తి చౌక్‌కు తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. 1922లో కట్టిన ఆ స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వదళాలకు గుర్తు. పేపర్లలో, టీవీలలో హైఫా యుద్ధం గురించి వచ్చింది. 1918 సెప్టెంబరు 23న మన గుర్రపు దళాలు బల్లేలతో మరతుపాకులకు ఎదురువెళ్లి హైఫా పట్టణాన్ని పట్టుకున్నాయని చదివాను. నా గుండె పొంగింది. మా ముత్తాత హైఫా వీరుడని బంధువులందరికీ చెప్పాను. మనుమరాలు బడిలో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నది. ఇక్కడే, ఇదే హాలులో, మీలో కొందరికి నేనే చెప్పాను. కాగితం చూడకుండా ఉత్తర్వు రాయడం అంటే ఇదే.

ఆ తరువాత ఇంటికి సున్నం వేయిస్తుంటే ఫ్రేము కింద పడి అద్దం పగిలింది. మెడల్ చేతికి వచ్చింది. ఎప్పుడూ ఫ్రేములో ఉండటం వల్ల దాని అంచు నేను చూసిందే లేదు. రూపాయి బిళ్ల అంచులాగా గట్టిగా ఉంది, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా అబ్బాయి ఫోనుతో ఫోటో తీసి పెద్దగా చేసి చూపించాడు. ఎప్పుడో చింతపండు పెట్టి తోమిన గుణమేమో, నెంబరూ పేరూ సగం సగం అరిగిపోయాయి. రెండు మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఒకటి హైదరాబాద్. రెండోది సాయిస్.

సాయిస్ అంటే ఏమిటో మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. గుర్రానికి మేత వేసి, నీళ్లు పట్టి, మాలిష్ చేసి, జీను కట్టి సవారు చేతికి కళ్లెం అందించేవాడు. మా ముత్తాత గుర్రం మీది మనిషి కాదు, గుర్రం పక్కన నిలబడిన మనిషి.

అప్పుడు మొదలుపెట్టాను అసలు విచారణ. దాంట్లో తెలిసిన మొదటి సంగతి మెడల్‌ది. దానిపేరు బ్రిటిష్ వార్ మెడల్. 1919లో ఏర్పాటు చేశారు. అరవై లక్షలకు పైగా పంచారు, అవన్నీ వెండివి. కానీ ఆయుధం పట్టని కూలీ దళాలకు, సాయిసులు, వంటవాళ్లు మొదలైన సహాయకులకు అదే మెడల్‌ను కంచుతో పోయించి ఇచ్చారు. అటువంటి కంచు మెడల్స్ లక్షకు పైగా ఉన్నాయి. చైనా కూలీలకు, మాల్టా వారికి, మన దేశం నుంచి పోయిన శ్రామికులకు అవే ఇచ్చారు. బొమ్మ ఒకటే, లోహం వేరు. ఆ బట్టలు లేని సవారు మా ముత్తాత కాదు, ఇంగ్లీషువారు కొలిచే సెయింట్ జార్జి.

మిత్రులారా, ఒక్క క్షణం ఆలోచించండి. మెడల్ ఎర్రగా ఉన్నది ఎవరో మార్చినందుకు కాదు. పుట్టుకతోనే అది ఎరుపు. అవుసలాయన కొక్కెం అతికించి, మా వస్తువు మాకు నిజాయితీగా ఇచ్చాడు. కొత్తగా పోసిన నకిలీ అయితే అంచు మీద ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడ నుంచి వస్తాయి? రుజువు తొంభై ఏండ్లు మా ఇంట్లోనే ఉన్నది. మేము తిప్పి చూడలేదు.

రెండో సంగతి హైఫాది. హైఫా మీదికి దూకినవి జోధ్‌పూర్, మైసూర్ దళాలు. జోధ్‌పూర్ దళానికి నాయకత్వం వహించిన మేజర్ దళపత్ సింగ్ ఆ రోజే ప్రాణాలు అర్పించాడు. మన హైదరాబాద్ దళం అదే బ్రిగేడులో ఉన్న మాట నిజం, కానీ ఆ రోజు ఆ దాడిలో పాల్గొనలేదు. మూడు విగ్రహాలు బ్రిగేడు మొత్తానికి, యుద్ధకాలం మొత్తానికి గుర్తు. మనం మూడింటినీ ఒక్క రోజుకు ముడిపెట్టుకున్నాం. అంటే మా కథలో రెండు తప్పులు. మా ముత్తాత సవారు కాదు, ఆయన దళం ఆ దాడిలో లేదు.

ఇది విని మా తమ్ముడు బాధపడ్డాడు. “ఇన్నేండ్ల పరువు తీసినవు గద అన్నా” అన్నాడు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. తరువాత చదువుతూ పోతే మనసు మారింది. హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ దళం 1914 చివరలోనే ఈజిప్టు చేరింది. 1915 ఫిబ్రవరిలో తురుష్క సైన్యం సూయజ్ కాలువ మీదికి వచ్చింది. తరువాత బ్రిటిష్ సైన్యం సినాయి ఎడారి దాటి పాలస్తీనాలోకి నడిచింది. ఆ ఎడారిలో తుపాకి కన్న నీళ్లు ముఖ్యం. నైలు నది నీటిని గొట్టాల ద్వారా ఎడారిలోకి తీసుకొనిపోయారు, పక్కనే రైలు పట్టాలు వేసుకుంటూ పోయారు. ఒక గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. దళంలో వందల గుర్రాలు. వాటికి నీళ్లు పట్టి, గింజలు పెట్టి, ఇసుకలో కాళ్లు చెడకుండా చూసినవాడు ఎవడు? సాయిసు. అతడు ఒక్క పూట పని మానేస్తే సవారు కాలినడకన పోవలసిందే. మొదటి యుద్ధానికి మన దేశం నుంచి చేరిన పధ్నాలుగు లక్షల మందిలో అయిదున్నర లక్షలకు పైగా ఇటువంటివారే. మనం కూడా జీవితమంతా ఏం చేశాం? కలెక్టరు గారి సంతకం కింద కనిపించని ఫైలు పనే కదా! సాయిసు మనవాడేనని నాకు అనిపించింది.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మీ ఇండ్లల్లో కూడా ‘మా తాత పటాలంలో పనిచేశాడు’ అనే మాట ఉండవచ్చు. వెతకాలనుకొనేవారికి, నేను దెబ్బలు తిని నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, ‘హైదరాబాద్’ అనే పేరు చూసి మోసపోవద్దు. ఆ పేరుతో వేరువేరు సైన్యాలు ఉండేవి. ఒకటి నిజాం సొంత సైన్యం. అందులోంచే మా ముత్తాత పోయిన లాన్సర్స్ దళం వచ్చింది. రెండోది హైదరాబాద్ కంటింజెంట్. ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. బొల్లారం, ఔరంగాబాద్, హింగోలి వంటి చోట్ల ఉండేది. 1903లో దాన్ని బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. దాని అశ్వదళాల్లో ఒకటైన దక్కన్ హార్స్ 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో దాడి చేసింది. దాని పదాతి దళాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. ఆ రెజిమెంట్‌కే 1945లో కుమావూన్ రెజిమెంట్ అని పేరు మారింది, దాని కేంద్రం ఇప్పుడు రాణీఖేత్‌లో ఉంది. పేరు మనది, మనుషులు ఎక్కువమంది ఉత్తరాదివారు. ఇవి గాక సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంటులో ఉన్న మద్రాసు పటాలాలు వేరు. వాటిలో తెలుగువాళ్లు ఉండేవారు. అసలు ఉత్తర హిందుస్థానంలో సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. ఇంగ్లీషువారు మొదట్లో తెలుగు దేశం నుంచి సిపాయిలను బెంగాలుకు తీసుకొనిపోయినందువల్ల వచ్చిన పేరది. మీ తాత ఏ సైన్యంలో పనిచేశాడో తేలితేగాని ఏ ఆఫీసుకు పోవాలో తేలదు.

రెండోది, బయటికి పోయే ముందు ఇల్లు వెతకండి. సందుగ అడుగున, దేవుని అర్రలో, పాత భూమి కాగితాల మూటలో చూడండి. మెడల్ దొరికితే దయచేసి తోమవద్దు. అంచు మీది అక్షరాలే దాని ప్రాణం. ఉర్దూ కాగితం దొరికితే చదవరాదని పొయ్యిలో వేయవద్దు. తేదీ ఫసలీలో ఉంటే భయపడవద్దు. నిజాం కాలపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూరు మాసంతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1327 ఫసలీ అంటే 1917 అక్టోబరు నుంచి 1918 అక్టోబరు వరకు. పోలీసు యాక్షన్ తరువాతి 1358 ఫసలీ పహాణీ మన రెవెన్యూ మిత్రులకు కంఠతా వచ్చే లెక్కే.

మూడోది, పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. ‘ఏ సంవత్సరం’ అని అడిగితే వాళ్లు చెప్పలేరు. ‘నిజాంసాగర్ కట్టక ముందా, తరువాతనా’ అని అడగండి. 1923 నుంచి 1931 వరకు కట్టారు కనుక మీకు తేదీ దొరుకుతుంది. ‘రజాకార్ల నాడా’ అని అడగండి. ప్రాజెక్టులో కొన్ని ఊళ్లు మునిగి కొత్తచోట కట్టుకున్నారు. కాగితంలో ఉన్న ఊరు ఇప్పటి పటంలో కనపడకపోతే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి. గోత్రాలు, వంశాలు చెప్పడానికి ఊరూరా తిరిగే వంశరాజులు వస్తే పది రూపాయలిచ్చి పంపేయక, కూర్చోబెట్టి రాసుకోండి. కాశీ, గయ వెళితే పండాల పుస్తకంలో మీ ఊరి పేజీ అడగండి.

నాలుగోది, మన రెవెన్యూ రికార్డు. సిపాయి పేరు సైన్యం కాగితాల్లో దొరకకపోయినా భూమి కాగితంలో దొరకవచ్చు. సేత్వార్ చూడండి, 1954-55 ఖాస్రా పహాణీ చూడండి. పట్టాదారు చనిపోయినప్పుడు రాసిన ఫౌతీ, వారసుల పేర్లు విచారించిన విరాసత్ ఫైలు, వీటిని మించిన వంశవృక్షం లేదు. కొడుకులెవరు, కూతుళ్లెవరు, ఎవరు సంతానం లేకుండా పోయారు అనేది పంచుల సంతకాలతో సహా ఉంటుంది. మా ముత్తాత తండ్రి పేరు నాకు ఒక విరాసత్ ఫైలులోనే దొరికింది. ఎన్నో వందల విరాసత్ ఫైళ్లు చేతుల మీదుగా నడిపినవాణ్ణి, మా ఇంటిది చూడటానికి రిటైరు కావలసి వచ్చింది.

ఇవి అయిపోయాక హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. నిజాం ప్రభుత్వ కాగితాలు అక్కడ ఉన్నాయి. ఎక్కువ భాగం ఉర్దూ, ఫార్సీ, అదీ గొలుసుకట్టు రాత. ఢిల్లీలో జాతీయ ఆర్కైవ్స్, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు ఉన్నాయి. యుద్ధంలో చనిపోయినవారి కోసం కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా కంప్యూటరులో ఉచితంగా చూడవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి, అందులో చనిపోయినవారి పేర్లే ఉంటాయి. బతికి వచ్చినవాడి పేరు కనపడలేదని ‘అసలు పోనేలేదు’ అనుకోవద్దు. రెండో యుద్ధంలో మన హైదరాబాద్ పదాతి దళం ఒకటి మలయాలోని కోట బారులో విమానాశ్రయానికి కాపలాగా ఉంది. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం అక్కడే దిగింది. ఆ వైపు పోయి తిరిగిరానివారు మీ కుటుంబంలో ఉంటే సింగపూర్ క్రాంజి స్మారకంలోని పేర్లు చూడండి. అక్కడ ఇరవై నాలుగు వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మామూలు సిపాయి, సాయిసు గురించి కాగితం తక్కువ. మన జిల్లాలోని కౌలాస్ రాజా దీప్‌సింగ్ 1857 తిరుగుబాటుతో సంబంధం పెట్టుకున్నాడని బ్రిటిష్‌వారు విచారించి శిక్షించారు. కేసు నడిచింది కనుక ఆయన పేరు రికార్డులో నిలిచింది. చెప్పిన పని చేసి ఇంటికి వచ్చినవాడి పేరు ఎవరూ రాయలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ ఊరంతా సైనికుల జ్ఞాపకాన్ని కాపాడుకున్నది. పంజాబువాళ్ల అదృష్టం, మొదటి యుద్ధానికి పోయిన మూడు లక్షల మంది వివరాల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉండిపోయి 2021లో జనానికి అందుబాటులోకి వచ్చాయి. అటువంటి రిజిస్టరు మనకు ఎవరూ కట్టి ఇవ్వలేదు. మనమే కట్టుకోవాలి.

ఇక చివరి మాట. విచారణ ముగిసిన తరువాత ఉత్తర్వు అమలు చేయాలి కదా. మెడల్ జేబులో పెట్టుకొని ఎల్లారెడ్డి వెళ్లాను. ఆ అవుసలాయన మనుమడు నాకంటే రెండు మూడేండ్లు పెద్ద. దుకాణం ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు, ఆయన లోపల కుర్చీలో కూర్చున్నాడు. నేను ఫలానా ఇంటివాణ్ణని చెప్పగానే ముఖం గట్టిపడింది. నేను మెడల్ చేతిలో పెట్టి, అంచు చూడమన్నాను. ఆయన అద్దం కన్నుకు పెట్టుకొని చాలాసేపు చూశాడు. మెల్లగా వేలితో కొక్కెం దగ్గర తడిమాడు. “గీ అతుకు మా తాతదే. మంచిగ అతికిచ్చిండు. ఇప్పటిదాంక ఊడలే” అన్నాడు.

నేను జరిగినదంతా చెప్పి, “అన్నా, తప్పు మాది. మా పెద్దల తరఫున చెప్తున్న, మన్నించు” అన్నాను. ఆయన వెంటనే మాట్లాడలేదు. కాసేపటికి, “మా తాత సచ్చేటప్పుడు గూడ గీ ముచ్చటనే మాట్లాడిండట. నేను తియ్యలే అన్నడట. నువ్వు ముప్పయ్యేండ్ల కింద వస్తే మా బాపు ఇనేటోడు” అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ ముప్పై ఏండ్ల కింద నేను ఆ దుకాణం ముందు నుంచే ఆఫీసుకు నడిచిపోయిన సంగతి మీకు చెప్పాను. తరువాత ఆయన కొడుకుతో చాయ్ తెప్పించాడు. తాగాను. ఈ మధ్య మా ఇంట్లో జరిగిన శుభకార్యానికి వాళ్లింటి నుంచి నలుగురు వచ్చారు.

మనుమరాలు తన వ్యాసాన్ని మళ్లీ రాసింది. దానికి బహుమతి రాలేదు. కానీ ‘మా తాత ముత్తాత గుర్రాలకు నీళ్లు పట్టాడు’ అని మొదలుపెట్టింది. అది చదివినప్పుడు నాకు వెనకటి బహుమతికన్న ఎక్కువ సంతోషం కలిగింది.

సంఘానికి నాది ఒక మనవి. మన కార్యాలయంలో ఒక రిజిస్టరు పెడదాం. ప్రతి సభ్యుడూ తన కుటుంబం గురించి ఒక్క పేజీ రాయాలి. విన్నది ‘విన్నది’ అని, చూసిన కాగితం ‘చూసిన కాగితం’ అని వేరువేరుగా రాయాలి. మనలో ఉర్దూ మీడియంలో చదివినవారు ఇంకా కొందరున్నారు. వారు నెలకొక పూట కూర్చుంటే, ఎవరి ఇంటి పాత కాగితాలు వారు తెచ్చి చదివించుకోవచ్చు. ఆ చదువు వచ్చినవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. ఈ సంవత్సరం మనల్ని విడిచిపోయిన మిత్రుల పేర్లు ఇందాక అధ్యక్షుల వారు చదివారు. అందులో ముగ్గురు గొలుసుకట్టు ఉర్దూ అలవోకగా చదివేవారు. కనుక వాయిదా వద్దు.

ఇంటికి పోగానే గోడ మీదున్న ఫ్రేములు ఒకసారి దించి, వెనక్కి తిప్పి చూడండి.